బోరు పాయింట్ పెట్టించే ముందు

కదిరి దగ్గర నుంచి,
రోహిణి కార్తె.

చిరంజీవి సౌభాగ్యవతి శైలజకు పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. మొన్న అల్లుడు ఫోన్ చేశాడు. భాగపరిష్కారాల్లో మీకు ఐదెకరాలు వచ్చిందని, పాత బోరు ఒట్టిపోయింది కాబట్టి కొత్తది ఎనిమిది వందల అడుగులు వేయించి రెండెకరాలు చీనీ (బత్తాయి), ఎకరా వరి, మిగతాది టమోటా పెట్టాలనుకుంటున్నామని చెప్పాడు. ఎవరో పెద్దాయన అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా తిరిగి ఈశాన్యం మూల పాయింట్ చూపించాడట. కాయ లేచి నిలబడిందట. ఏమనాలో తోచక సరే నాయనా అన్నాను. ఫోన్‌లో చెబితే లెక్కలు ఒక చెవిలోంచి ఇంకో చెవిలోకి పోతాయని నీకు ఉత్తరం రాస్తున్నా. ఇద్దరూ కూర్చుని చదవండి.

మా చేలోనూ కొబ్బరికాయ లేచి నిలబడింది పాపా. నాలుగుసార్లు.

మొదటి బోరు నూట ఎనభై అడుగులకే మూడించుల నీళ్లు ఇచ్చింది. ఆ ధైర్యంతో 1997లో మూడు వందల చీనీ చెట్లు పెట్టాం. అవి కాపుకొచ్చే ఏటికి నీళ్లు సగమయ్యాయి, 2002లో వానలు మొహం చాటేశాయి. చెట్లు బతికించుకోవాలని రెండో బోరు, మూడో బోరు. నాలుగోది వేసిన రాత్రి నాకిప్పటికీ గుర్తే. నాలుగు వందల అడుగులు దాటినా తెల్లటి రాతిపొడే వస్తోంది. మీ పెదనాయన ఆ పొడి గుప్పెట్లోకి తీసుకుని పిసికి చూసేవాడు, తడి ఏమన్నా తగులుతుందేమోనని. ఇంకో యాభై వేద్దాం, ఇంకో యాభై అంటూ ఆరు వందల ఇరవైకి పోయాం. తెల్లారేసరికి నా తల, బర్రె వీపు, గడ్డివామి అన్నీ పిండి చల్లినట్టున్నాయి. నీళ్లు మాత్రం రాలేదు. నా గాజులు రిగ్గు బిల్లుకు పోయాయి. ఆ ఎండాకాలమే చెట్లన్నీ నరికించాం. సగం పచ్చిగా ఉన్న చీనీ కట్టె నరికితే కాయ వాసనే వస్తుంది. వారం రోజులు ఇంట్లో అదే వాసన. నాకు అన్నం సయించలేదు.

నీళ్లు ఎందుకు రాలేదో ఆ తర్వాత తెలిసింది. 2003 తర్వాత ఎఫ్ఏఓ, అంటే ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ, సాయంతో అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ, ఈ ఏడు కరువు జిల్లాల్లో రైతులే భూగర్భజలం కొలుచుకునే కార్యక్రమం నడిచింది. మా ఊళ్లో వాన కొలిచే పని ఒకరికి, బోర్లలో నీటిమట్టం కొలిచే పని నాకూ ఇంకో ఆమెకూ పడింది. మోటారు ఆపాక కొన్ని గంటలు ఆగి, పైపు పక్కన సందులోంచి టేపు దింపేవాళ్లం. నీళ్లు తగలగానే మీటరు ‘పీ’ అని కూసేది. పదిహేను రోజులకోసారి అదే పని. మొదట్లో మగవాళ్లు నవ్వారు. రెండేళ్లకు రబీ ముందు మా పుస్తకం చూడకుండా నారు పోసేవాళ్లు తగ్గారు. ‘నీటి బడ్జెట్’ అని గోడ మీద రాసేవాళ్లం, ఇంత వాన పడింది, ఇంత ఇంకింది, ఇంతకే పంట అని. అందరూ విన్నారని చెప్పను. కొంతమంది విన్నారు.

అప్పుడు నేర్చుకున్నదే నీకు చెబుతున్నా. మన కింద ఉన్నది గ్రానైటు. పైన కొన్ని పదుల అడుగుల మేర మెత్తబడ్డ రాయి, దాని కింద పగుళ్లు. నీళ్లు ఉండేది అందులోనే. లోతుకు పోయేకొద్దీ పగుళ్లు తగ్గిపోతాయి. ఎనిమిది వందల అడుగులు వేసినంత మాత్రాన కొత్త నీళ్లు పుట్టవు. పగులు తగిలితే అదే నీళ్లు పక్కవాళ్ల బోరు కింద నుంచి మన వైపు వస్తాయి. వాళ్లు ఇంకో వంద అడుగులు దింపుతారు. ఆ పందెంలో గెలిచిన రైతును నేను చూడలేదు, రిగ్గు లారీ వాళ్లను చూశాను.

ఇప్పుడు లెక్క. అల్లుడికి క్యాలిక్యులేటర్ ఇవ్వు. ఎకరా నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే నాలుగు వేల లీటర్ల పైచిలుకు. మనకు ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు పడుతుంది అనుకో, మీ ఐదెకరాల మీద కోటి పది లక్షల లీటర్లు. వినడానికి బ్రహ్మాండంగా ఉంది కదా? ఇందులో మన రాతినేలలో లోపలికి దిగి బోరుకు అందేది ఇంచుమించు పదో వంతే. అంటే పదకొండు లక్షలు. ఎకరా వరికి కయ్యలో నిలబెట్టేదంతా కలిపి 1200 మిల్లీమీటర్లు, దగ్గర దగ్గర నలభై ఎనిమిది లక్షల లీటర్లు కావాలి. కయ్యలోంచి మూడో వంతు మళ్లీ కిందికి దిగుతుందనే అనుకుందాం. అయినా మీ ఎకరా వరి పదిహేనెకరాల్లో ఇంకిన వాన తాగేస్తుంది. మీకున్నది ఐదు. మిగతా పది ఎవరివి? మీ బావగారివి, ఆ పక్క వాళ్లవి.

అందుకే వరి మాట మరిచిపో. తినడానికి బియ్యం కొనుక్కోండి, సిగ్గేమీ లేదు. చీనీ మాట నాకు చెప్పడం కష్టం. ఒకసారి పెడితే అది పదిహేను ఇరవై ఏళ్ల మాట, చెడ్డ ఏడాది వచ్చిందని దాన్ని మానేయలేం. ఆముదం, కంది అయితే ఈ ఏడు ఎండినా పైయేడు మళ్లీ వేసుకుంటాం.

మీ పాత బోరు నిజంగా ఒట్టిపోయిందా? ఎవరైనా కొలిచారా? ఎండాకాలంలో మోటారు గాలి లాగితే ఒట్టిపోయిందనేస్తారు. రెండు మంచి వానలు పడ్డాక ఒక పూట నడిపించి చూడు. రెండు వందల లీటర్ల డ్రమ్ము పైపు కింద పెట్టి గడియారం పట్టుకో. రెండు నిమిషాల్లో నిండితే గంటకు ఆరు వేల లీటర్లు. కరెంటు ఏడు గంటలు అనుకుంటే నలభై రెండు వేలు. అంటే ఎకరాకు రోజూ పది మిల్లీమీటర్ల వాన పడ్డట్టే. వరి ఒక్క ఎకరా కూడా బొటాబొటిగా గట్టెక్కుతుంది. అదే నీళ్లతో డ్రిప్పు మీద కూరగాయలు రెండెకరాలు పండుతాయి. వేరుశనగకు ఊడలు దిగేటప్పుడు ఒక్క తడి ఇవ్వడానికైతే ఐదెకరాలూ చుట్టిరావచ్చు, నాలుగైదు రోజుల పని. మన దగ్గర పంట పోయేది చాలాసార్లు ఆ ఒక్క తడి లేకే పాపా, మొత్తం నీళ్లు లేక కాదు.

ఈ వానాకాలం ఒక్కటి ఆగమని నా మాట. బోరు ఎక్కడికీ పోదు.

ఆగినన్ని రోజులు చేతులు కట్టుకుని కూర్చోమనడం లేదు. నేల పని ఉంది. మన ఎర్రనేల సంగతి నీకు తెలుసు, వాన వెలిశాక పైన అట్టగడుతుంది, తర్వాత పడే వాన దాని మీద జారి పోతుంది. ఈ మధ్య అందరూ దున్నకుండా సేద్యం అంటున్నారు. మంచిదే, కానీ సగం మాటే వింటున్నారు. దున్నడం మానేసి, పైన ఆకూ అలమూ కప్పు లేకుండా వదిలేస్తే మన నేల ఇంకా అట్టగడుతుంది, నీళ్లు ఇంకా పారిపోతాయి. నేను ఒక ఏడాది అదే తప్పు చేశాను, చేను బండలా తయారైంది. కప్పు ముందు, దున్నడం తగ్గించడం తర్వాత. కప్పు దొరికేదాకా వాలుకు అడ్డంగా దున్ను, నిలువునా మాత్రం దున్ననివ్వకు. ట్రాక్టరు వాడికి పొడుగు సాలు కావాలి, డీజిలు మిగులుతుంది, అందుకని నీతో వాదిస్తాడు. దగ్గర నిలబడు.

కప్పు ఎక్కడి నుంచి తేవాలి అన్నదే అసలు చిక్కు. వేరుశనగ వేర్లతో సహా పీకేస్తాం, కట్టె పశువులకు పోతుంది, మిగిలిన రెండాకులు గొర్రెల మంద మేసిపోతుంది. మీటింగుల్లో ‘పంట వ్యర్థాలు చేలోనే వదలండి’ అని చెప్పే సార్లకు ఇంట్లో బర్రె ఉండదు. నేనొకసారి వేరుశనగ పొట్టు తెచ్చి పరిస్తే చెదలు పట్టాయి. మాకు పనికొచ్చినవి రెండు. ఎనిమిది సాళ్ల వేరుశనగకు ఒక సాలు కంది వేశాం. వేరుశనగ పీకేశాక కూడా కంది నెలల తరబడి నిలబడి ఆకు రాలుస్తుంది, దాని వేరు లోతుకు దిగి నేల వదులు చేస్తుంది. రెండోది, ఎండాకాలంలోనే అలసంద, అనుము, ఉలవ, కొర్ర, సజ్జ, ఆముదం, ఏవి ఉంటే అవి కలిపి చల్లడం. ఎకరాకు పది పన్నెండు కిలోలు. విత్తనానికి బంకమన్ను, బూడిద, ఘనజీవామృతం (ఆవు పేడతో చేసే ఎండు ఎరువు) పట్టించి ఉండలా చేస్తే చీమలు ఎత్తుకుపోవు, పదును తగిలేదాకా ఆగుతుంది. ప్రకృతి సేద్యం వాళ్లు నవధాన్యాలు అంటారు. గాలిలో తేమతోనే మొలుస్తాయని కూడా కొందరంటారు, అది నేను చూడలేదు. నేను చూసింది ఏమిటంటే, మే నెలలో పడే ఒక్క చిత్తడి వాన మిగతా చేలల్లో మర్నాటికి ఆవిరైపోతే, ఆ పచ్చదనం ఉన్న చేలో కాలితో కెలికితే నాలుగో రోజు కూడా మన్ను చల్లగా ఉండింది. ఇప్పుడు రోహిణి నడుస్తోంది, ఆలస్యమేమీ కాలేదు, ఒక ఎకరాలో చేసి చూడు. ఐదెకరాలూ ఒకేసారి వద్దు.

వేరుశనగ వేసే చేలో పన్నెండడుగులకొక గొడ్డు సాలు, అంటే విత్తనం వేయని ఖాళీ సాలు, తీయించు. పడిన వాన ఆ సాల్లోనే నిలబడి ఇంకుతుంది. పంటకుంటకు ఉపాధి హామీలో అర్జీ పెట్టుకోవచ్చు. పది మీటర్ల చదరం, రెండున్నర మీటర్ల లోతు తీస్తే, గట్ల వాలు పోను రెండు లక్షల లీటర్ల లోపే నిలుస్తుంది. అదీ ఎండకు, ఇంకుడుకు పోతూ ఉంటుంది. నీళ్లు చేరే వైపు తీయాలి మరి. మా ఊళ్లో ఒక గుంటను చేనంతటికీ ఎత్తైన మూల తవ్వారు, అక్కడైతే రాళ్లు తక్కువట. పదేళ్ల నుంచి అందులో మేకలు పడుకుంటున్నాయి.

ఇంకో మాట, చిన్నదే గానీ ముఖ్యం. మోటారుకు ఆటో స్టార్టర్ ఉంటే పీకేయ్. 2004 నుంచి సేద్యానికి కరెంటు ఉచితం అయ్యాక ప్రతి పెట్టెలో అదే. ఏ వేళ కరెంటు వచ్చినా ఊళ్లో మోటార్లన్నీ ఒకేసారి లేస్తాయి, చేను తడిసినా తడవకున్నా. పడుకున్నవాడి బోరు కూడా నీళ్లు తోడేస్తూనే ఉంటుంది. లేచి వెళ్లి స్విచ్ వేసేవాడు అవసరమైతేనే వేస్తాడు.

మీ బావగారితో మాటలు లేవని మీ అమ్మ చెప్పింది. గట్టు తగాదా సంగతి నాకెందుకు గానీ, ఆయన బోరులో నీళ్లున్నాయి, మీ దగ్గర లేవు. మన జిల్లాలోనే కొన్ని ఊళ్లలో రైతులు బోర్లన్నీ పైపులైనుతో కలుపుకున్నారు. కొత్త బోరు ఎవరూ వేయకూడదు, బోరున్నవాడు లేనివాడి వేరుశనగకు ఎండు పట్టినప్పుడు తడి ఇవ్వాలి, ఇదీ కట్టుబాటు. బోరున్నవాడికేం లాభం అంటావేమో. పక్కన కొత్త బోరు పడకపోవడమే వాడి లాభం, వాడి నీళ్లు వాడికి మిగులుతాయి. ఆయనకు ఈ మాట చెప్పి చూడు. దానం అడుగుతున్నట్టు అడగొద్దు, బేరంలాగే అడుగు. ఆడవాళ్లు ముందు మాట్లాడుకుంటే ఇంకా నయం, మీ తోటికోడలు మంచి మనిషి.

ఇంత చెప్పాక కూడా బోరు తప్పదనుకుంటే, అనుమతి తీసుకోకుండా వేయకండి. 2002 వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల రక్షణ చట్టం) ప్రకారం ఊరి తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపు అనుమతి లేనిదే వేయకూడదు. మీ ఈశాన్యం మూలకు ఎదురుగానే కదా ఊరి ట్యాంకు? కొలుచుకోండి. లోతు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండొచ్చు, పిల్లలకు ఆ నీళ్లు తాగించకండి.

గురువారం మధ్యాహ్నం బస్సులో ఒక సంచి పంపుతున్నా. అందులో అలసంద, అనుము, కొర్ర, సజ్జ విత్తనాలు ఉన్నాయి, నావే, కొన్నవి కావు. ఒక రేకు డబ్బా, అడుగు స్కేలు ఉన్నాయి. డబ్బా నిలువు గోడలది, అడుగు చదునుగా ఉంటుంది, అందుకే ఏరి పెట్టాను. అందులో ఎన్ని మిల్లీమీటర్ల ఎత్తు నీళ్లుంటే అంత వాన. ఆరుబయట పెట్టు, చింతచెట్టు కింద కాదు. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు చూసి, రాసుకుని, పారబోయాలి. పెద్దదానికి స్కూలు పుస్తకం ఒకటి ఇచ్చి దానికే అప్పజెప్పు, లెక్కలంటే ఇష్టం కదా దానికి. ఉత్తర కార్తె నాటికి ఆ పుస్తకం, డ్రమ్ము లెక్క తీసుకుని రా, ముగ్గురం కూర్చుని రబీకి ఏం పెట్టాలో చూద్దాం.

కొబ్బరికాయ పెద్దాయనకు ఇంకా అడ్వాన్స్ ఇచ్చి ఉండకపోతే ఇవ్వొద్దని అల్లుడికి చెప్పు. ఆ కాయ ఇంట్లోనే ఉంటే పచ్చడి చెయ్యి.

మీ పెద్దమ్మ