ఆవర్జా మొత్తం కంప్యూటర్‌లోకి ఎక్కించాలా?

ప్రశ్న: తెనాలి దగ్గర మాది ఎరువులు, పురుగుమందుల దుకాణం. నాన్నగారు నలభై ఏళ్లుగా చిట్టా (రోజువారీ జమాఖర్చుల పుస్తకం), ఆవర్జా (ఎవరి ఖాతా వారికి విడిగా ఉండే పుస్తకం) రాస్తున్నారు. అరువు ఖాతాలే 240 దాకా ఉన్నాయి. నేను కంప్యూటర్ కొన్నాను. పాత పుస్తకాలన్నీ ఎక్కించడానికి ఒక కుర్రవాణ్ణి పెడదామంటే నాన్నగారు ససేమిరా అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ కుర్రవాడి ఆలోచన మానుకోండి. నేను ధాన్యం మిల్లులో ముప్పై ఏళ్లు పద్దులు రాసినవాణ్ణి. అక్కడికి కంప్యూటర్ వచ్చినప్పుడు ఇలాగే ఇద్దరు పిల్లల చేత ఆవర్జా అంతా ఎక్కించారు. మా పుస్తకంలో వెంకటేశ్వరరావులు నలుగురు. ఒకరి పేరు పక్కన ‘చెరువుకట్ట’ అని, ఇంకొకరి పక్కన ‘పెద్దల్లుడు’ అని పెన్సిలుతో నేను రాసుకున్న గుర్తులు ఉండేవి. పిల్లలు వాటిని వదిలేశారు. సంక్రాంతి ముందు చెరువుకట్ట ఆయన వచ్చి, చొక్కా జేబులోంచి చిన్న నోటుపుస్తకం తీసి నా ముందు పెట్టారు. ఆయన కట్టిన 18,400 రూపాయలు పెద్దల్లుడి ఖాతాలో జమ అయి ఉన్నాయి. పెద్దల్లుడు మాత్రం ఆ సంగతి ఎత్తితే ఒట్టు!

యూరియా అమ్మేటప్పుడు రైతు వేలిముద్ర తీసుకునే యంత్రం వాడుతున్న మీ నాన్నగారికి కంప్యూటరంటే భయమని నేను అనుకోను. ఆయన బెంగ ఇలాంటి గుర్తుల గురించే అయి ఉంటుంది.

పాత పద్దులేవీ ఎక్కించవద్దు. మార్చి 31 నాటికి ఎవరి బాకీ ఎంతో తేల్చి, ఆ ఒక్క అంకెనే ఏప్రిల్ 1న ఆరంభ నిల్వగా వేయండి. తొలకరి హడావుడికి ఇంకా వ్యవధి ఉంటుంది, ఆర్థిక సంవత్సరమూ కలిసి వస్తుంది. పేరుతో పాటు తండ్రి పేరు, ఊరు, ఫోను నంబరు, నాన్నగారి గుర్తు కూడా చేర్చండి. ఆయనకు పక్కనే కుర్చీ వేసి చెప్పించుకుంటూ రోజుకు ఇరవై ఖాతాలు చేస్తే పన్నెండు రోజుల పని.

బాకీ తేల్చినప్పుడే, ఆవర్జాలో ఆ అంకె కింద రైతు చేత తేదీ వేయించి సంతకం తీసుకోండి. అరువు సరుకు బాకీకి దావా గడువు మూడేళ్లు. అది దాటకముందే బాకీ ఒప్పుకుంటూ రాసి సంతకం పెడితే ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు వస్తాయి. కంప్యూటర్‌లో మీరు వేసుకున్న అంకె ఆ పని చేయదు. అందుకే పుస్తకాలను పాత కాగితాల వాడికి వేయకండి. జీఎస్టీ చట్టం ప్రకారం కూడా వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు లెక్కలు దాచాల్సిందే.

ఒక్క విషయంలో నేను పూర్తిగా మీ పక్షం. పురుగుమందుల బ్యాచ్ నంబరు, గడువు తేదీ మొదటి రోజు నుంచే కంప్యూటర్‌లో పెట్టండి. గడువు తీరబోతున్న డబ్బా వెనక బీరువాలో ఉందని ఏ ఆవర్జా చెప్పదు.

రోజూ దుకాణం మూసేటప్పుడు లెక్కల నకలు పెన్‌డ్రైవ్‌లోకి తీసి ఇంటికి పట్టుకెళ్లండి. చిట్టా మాత్రం ఖరీఫ్ అయ్యేదాకా నాన్నగారి చేతే రాయించండి. సాయంత్రం గల్లాపెట్టెలో నగదు, చిట్టాలో నిల్వ, కంప్యూటర్‌లో నిల్వ మూడూ కలవాలి. కలవకపోతే తాళం వేయకముందే వెతకండి. తెల్లారితే ఎవరికి ఏమిచ్చారో మీకూ గుర్తుండదు, ఆయనకూ గుర్తుండదు.