డెక్ కడిగే పంపు కోసం అప్పు చేయాలా?

ప్రశ్న: నాకు 30 అడుగుల తెరచాప పడవ ఉంది. లంగరు ఎత్తిన ప్రతిసారీ గొలుసు నిండా బురదే. బకెట్లతో నీళ్లు తోడి కడిగేసరికి నడుం పడిపోతోంది. డెక్ (పడవ పైతలం) కడిగే పంపు పెట్టిద్దామని వర్క్‌షాపులో అడిగితే అంచనా రాసిచ్చారు. అందులో పంపు ధర ఐదో వంతే! మిగతాదంతా వైర్లు, వాల్వు, రెండో బ్యాటరీ, పడవను నీళ్లలోంచి పైకెత్తే ఖర్చు, కూలి. ఈ డబ్బు అత్యవసర నిధిలోంచి తీయాలా, క్రెడిట్ కార్డు వాయిదాల్లో కట్టాలా? లేదంటే అణియంలో, అంటే పడవ ముందు కొసన, పాత లైటుకి వేసిన వైరు ఖాళీగానే ఉంది, పంపు కొని దానికి తగిలించేసుకోనా?

జవాబు: మూడూ వద్దు. ముందు ఆ అంచనా కాగితాన్ని ఇంకోసారి చేతిలోకి తీసుకోండి.

అసలు కంటే కొసరు ఎక్కువైందని మీకు అనిపించడం సహజం. అలాగని వర్క్‌షాపు వాళ్లు మిమ్మల్ని మోసం చేశారనుకోను. ఈ పనిలో పంపు చవకే. సముద్రపు నీళ్లు పంపు దాకా రావడానికి, కరెంటు పంపు దాకా పోవడానికి వేసే దారికే ఖర్చంతా. కాకపోతే మీ కాగితంలో ఒక పద్దు అనవసరం, ఇంకొకటి ఇప్పుడు అవసరం లేదు.

అనవసరమైనది రెండో బ్యాటరీ. 12 వోల్టుల డెక్ పంపు గట్టిగా పనిచేసినప్పుడు 15 ఆంపియర్లు లాగుతుందనుకుందాం. గొలుసు కడగడానికి పది నిమిషాలు పట్టిందంటే అయ్యేది రెండున్నర ఆంపియర్ అవర్లు (ఆంపియర్లను గంటలతో గుణిస్తే వచ్చే లెక్క). 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో అది నలభయ్యో వంతు. పైగా లంగరు ఎత్తేటప్పుడు మామూలుగా ఇంజిన్ నడుస్తూనే ఉంటుంది, దాంతో తిరుగుతూ బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ ఆ కాస్తా నింపేస్తుంది. ఉన్న బ్యాటరీ ముసలిదైపోయి ఉంటే అది వేరే సంగతి. దాని ఖర్చును పంపు ఖాతాలో రాయకండి.

ఇప్పుడు అక్కర్లేనిది పడవను పైకెత్తే ఖర్చు. నీటి మట్టానికి కింద పడవ పొట్టకు కొత్త రంధ్రం పెట్టాలంటే పైకెత్తక తప్పదు, నిజమే. కానీ పడవ అడుగుభాగానికి రంగు వేయించడానికి ఎలాగూ ఎత్తిస్తారు కదా. ఆ రోజే ఈ రంధ్రమూ పెట్టించండి. ఒకే ఖర్చును రెండుసార్లు కట్టడమెందుకు? అప్పటిదాకా బకెట్టే గతి. మీ నడుముకు క్షమాపణలు.

కొత్త రంధ్రం లేకుండా ఉన్న పైపుకే టీ జాయింటు వేస్తామని కొందరు మెకానిక్కులు చెబుతారు. టాయిలెట్‌కి నీళ్లు తెచ్చే పైపు లావుగా ఉంటే ఆలోచించవచ్చు. ఇంజిన్‌ను చల్లబరిచే పైపుకు మాత్రం ఒప్పుకోవద్దు. లంగరు ఎత్తేటప్పుడే ఇంజిన్‌కు నీళ్లు కావాలి, సరిగ్గా అప్పుడే మీ పంపూ లాగుతుంది. ఇంజిన్‌కు నీళ్లు చాలకపోయినా, మధ్యలో గాలి చొరబడినా వేడెక్కి కూర్చుంటుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, పంపులో మిగిల్చిన డబ్బు ఇంజిన్ రిపేరులో పోతుంది.

ఇక ఆ పాత వైరు. దీని గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే నా స్నేహితుడి పడవలో ఇదే తప్పు జరుగుతుంటే పక్కనే నిలబడి చూశాను. మీరు అనుకుంటున్నట్టే లైటు వైరుకు పంపు తగిలించాడు. మొదటి రోజు పంపు మూలుగుతూ నడిచింది, హోస్‌లోంచి నీళ్లు అడుగు దూరం కూడా పడలేదు. పంపుదే లోపమని దాన్ని మార్పించాడు. రెండోదీ మూలిగింది. మూడో వారంలో లోపల కాలిన వాసన వస్తే ప్యానెల్ తెరిచాం. ఫ్యూజు హోల్డరు కరిగి, ఫ్యూజుతో కలిసి ముద్దైపోయి ఉంది. ఫ్యూజు మాత్రం కొట్టేయలేదు.

లెక్క చూడండి. బ్యాటరీ నుంచి అణియం దాకా 8 మీటర్లు అనుకుంటే, కరెంటు పోయి రావాలి కాబట్టి వైరు పొడవు 16 మీటర్లు. లైట్లకు వేసే 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరులో 15 ఆంపియర్లు పోతే దారిలోనే దాదాపు 3 వోల్టులు హరించుకుపోతాయి. అంటే 12లో పావు వంతు. అదే 6 చదరపు మిల్లీమీటర్ల వైరైతే పోయేది ముప్పావు వోల్టు, సుమారు 6 శాతం. అమెరికన్ బోట్ అండ్ యాట్ కౌన్సిల్ ప్రమాణాల్లో ఇలాంటి అత్యవసరం కాని పరికరాలకు 10 శాతం దాకా ఒప్పుకుంటారు. కాబట్టి 6 చదరపు మిల్లీమీటర్ల వైరు చాలు. 10 చదరపు మిల్లీమీటర్లది వెయ్యమని ఎవరైనా అంటే, డబ్బు మీది, మీ ఇష్టం. నేనైతే వెయ్యను. తగరం పూత ఉన్న రాగి వైరు మాత్రం అడిగి తీసుకోండి, ఉప్పు గాలికి మామూలు రాగి లోపల్లోపలే నల్లబడిపోతుంది. బ్యాటరీ ప్లస్ దగ్గరే, 7 అంగుళాల లోపు, ఫ్యూజు ఉండాలి. ఫ్యూజు కాపాడేది పంపును కాదు, వైరును. సన్న వైరుకు లావు ఫ్యూజు వేస్తే ముందు కాలేది వైరే.

పడవ పొట్ట రంధ్రానికి బిగించే వాల్వు దగ్గర కూడా బేరాలు వద్దు. ఇంటి నల్లాలకు వాడే ఇత్తడి వాల్వు చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది, ధర తక్కువ. సముద్రపు నీళ్లు అందులోని జింకును తినేస్తాయి, కొన్నాళ్లకు గులాబి రంగుకు తిరిగి చేత్తో నొక్కితే పొడైపోతుంది. కంచు వాల్వు గానీ, పడవలకని చేసే గట్టి ప్లాస్టిక్‌ది గానీ పెట్టించండి. నీటి మట్టం కింద పైపుకు రెండేసి క్లిప్పులు, పంపుకు ముందు ఒక జాలీ, పీల్చే వైపు నొక్కుకుపోని గట్టి పైపు. ఇవన్నీ చిన్న ఖర్చులే.

కూలిలో మీరు తగ్గించుకోగలిగింది ఉంది. వైరు లాగడం, పంపును బిగించడం, పై హోస్ అమర్చడం ఓపిక ఉంటే మీరే చేసుకోవచ్చు. పడవ పొట్టకు రంధ్రం పెట్టడం, వాల్వు బిగించడం మాత్రం వాళ్లకే వదిలేయండి. ఆ బిల్లు, ఫొటోలు దాచండి. రేపు బీమా క్లెయిములో పని ఎవరు చేశారని అడిగితే చూపించడానికి పనికొస్తాయి.

ఇక డబ్బు. బ్యాటరీ, పైకెత్తే ఖర్చు, సగం కూలి తీసేస్తే మిగిలిన మొత్తాన్ని, రంగు వేయించే రోజుకు ఎన్ని నెలలుందో ఆ అంకెతో భాగించండి. నెలనెలా అంత విడిగా ఒక ఖాతాలో వేయండి. డబ్బు సలహాలిచ్చే మా వృత్తిలో దీన్ని సింకింగ్ ఫండ్ అంటాం, మాటకు మాట అయితే ‘మునిగే నిధి’. పడవ ఉన్నవాళ్లకు ఆ పేరు చెప్పాలంటే నాకే కాస్త ఇబ్బంది. అత్యవసర నిధి ఉన్నది ఉద్యోగం పోతేనో, ఆసుపత్రి పాలైతేనో ఆదుకోవడానికి. గొలుసు మీద బురద ఆ జాబితాలో రాదు. కార్డు వాయిదాలంటారా, కొన్నేళ్లకు లోపలి రబ్బరు మార్చాల్సిన వస్తువుకు వడ్డీ కట్టడం నాకు నచ్చదు.

అన్నీ పెట్టాక కూడా ఒక టెన్షన్ ఉంటుంది. డెక్ మీద ట్యాప్ మూస్తే ఈ పంపు ఒత్తిడిని బట్టి దానంతటదే ఆగుతుంది, తెరిస్తే నడుస్తుంది. రాత్రి లోపలెక్కడో పైపు ఊడిందనుకోండి, ట్యాప్ తెరిచారనుకుని సముద్రాన్ని పడవలోకి తోడుతూనే ఉంటుంది. కడగడం అవగానే ప్యానెల్‌లో స్విచ్ ఆపి, కింద వాల్వు మూసేయండి.

కొనేటప్పుడు వైరు, వాల్వు ముందు కొనండి. పంపు అన్నిటికన్నా చివర. మామూలుగా వారంటీ కొన్న రోజు నుంచే లెక్క, అట్టపెట్టెలో ఆరు నెలలు పడుకోబెడితే ఆ ఆరు నెలలూ పోయినట్టే. ఈ ఆదివారం మాత్రం ఒక తాడు తీసుకుని బ్యాటరీ నుంచి అణియం దాకా, వైరు నిజంగా పోయే మలుపులన్నీ తిప్పి కొలవండి. నేను అనుకున్న 8 మీటర్లు మీ పడవలో 11 అయితే, కాగితం మీద వైరు పద్దు మళ్లీ రాయాలి.