వందేళ్ల వరద 36 ఏళ్లకే ఎందుకొచ్చింది?

ప్రశ్న: మాది భద్రాచలం. 1986లో గోదారి 75.6 అడుగులకు వచ్చినప్పుడు, ఇలాంటిది మళ్లీ వందేళ్ల దాకా రాదని మా మామగారితో అందరూ అన్నారట. 2022 జులైలో 71 అడుగులు దాటింది. ఆ బురద గీత ఎన్నిసార్లు సున్నం కొట్టినా మా గోడ మీద పైకి తేలుతూనే ఉంది. ఇప్పుడు మా మరిది పక్క స్థలంలోనే ఇల్లు కడతానంటున్నాడు, నాకేమో ఒకటే టెన్షన్. వాతావరణ మార్పుతో ఈ వరదలు ఇంకా పెరుగుతాయా?
- ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు ఆ ‘వందేళ్ల’ మాట సంగతి చూద్దాం, చాలామంది పొరబడేది అక్కడే. వందేళ్ల వరద అంటే ఒకసారి వచ్చాక వందేళ్లు రాదని కాదండీ, ఏ ఏడాదైనా వచ్చే అవకాశం నూటికి ఒకటి అని, కిందటేడు వచ్చినా ఈ ఏడు లెక్క మారదు. ఒకే ఇంట్లో 30 ఏళ్లు ఉంటే కనీసం ఒక్కసారైనా దాన్ని చూసే అవకాశం నూటికి 26. అదే వరద పాతికేళ్లకోసారి వచ్చేలా మారితే ఆ 26 కాస్తా 71 అవుతుంది.

అలా మారే ప్రమాదం ఉంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని మోయగలదు, కురిసినప్పుడు ఒక్కసారిగా కుమ్మరిస్తుంది. ప్రాణహిత, ఇంద్రావతి రెండూ మీకు ఎగువనే గోదారిలో కలుస్తాయి కాబట్టి అటు కుండపోత పడితే మీ ఊళ్లో చినుకు లేకపోయినా నీళ్లు గుమ్మంలోకొస్తాయి. 2022 వరదకు ఇదొక్కటే కారణమని నేననను. కానీ 2013లో జపాన్ శాస్త్రవేత్తలు 11 వాతావరణ మోడళ్లతో లెక్కగడితే, ఈ శతాబ్దం చివరికి పెద్ద వరదలు బాగా తరచుగా వచ్చే చోట్లలో మన ద్వీపకల్ప భారతం కూడా తేలింది. కొన్ని దేశాల్లో తగ్గుతాయి కూడా, మనం ఆ జాబితాలో లేము. భూమి ఎంత వేడెక్కితే అంత ఎక్కువమంది మునకలో పడతారు, పైగా మనమే పల్లంలోకి దిగి ఇళ్లు కట్టుకుంటూ ఆ సంఖ్య పెంచుతున్నాం.

కరకట్ట ఉందిగా అంటారేమో. గోదారి ఎక్కినప్పుడు తూములు మూసేస్తారు, అప్పుడు ఊళ్లో పడిన వాన బయటికి పోయే దారి లేక పల్లపు వీధుల్లోనే నిలుస్తుంది.

నన్నడిగితే ఆ స్థలం వద్దు. కట్టక తప్పదంటే మాత్రం, ఆ బురద గీత మీద ఇక సున్నం కొట్టకండి, 1986 నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో మామగారినడిగి దాని పైన ఇంకో గీత గీయించండి. పునాది తవ్వకముందే మేస్త్రీకి ఆ రెండూ చూపించి, పడుకునే గదుల నేల పై గీత కంటే ఎత్తులో ఉండాలని చెప్పండి.