ఎలుకలెన్ని, అంకెలెన్ని?

ప్రశ్న: సార్, నమస్కారం. మాది కడప. ఫార్మకాలజీ ప్రాజెక్టులో ఎలుకల జ్ఞాపకశక్తి మీద పనిచేస్తున్నాను. ఒక గుంపు మామూలుది, ఒకదానికి మతిమరుపు తెచ్చే స్కోపోలమిన్, ఇంకోదానికి స్కోపోలమిన్‌తోపాటు సరస్వతి ఆకు సారం. గుంపుకు 8 ఎలుకలు. పాలపొడి కలిపిన నీళ్ల తొట్టిలో, పైకి కనపడని తిన్నెను ఎన్ని సెకండ్లలో చేరాయో రోజుకు 4 సార్లు, 5 రోజులు రాసుకున్నాను. మొత్తం 480 అంకెలు. రెండేసి గుంపుల సగటులను పోల్చే టి-టెస్టు చేస్తే మందు పనిచేసినట్టే వచ్చింది. గైడ్ గారేమో ‘అనోవా చెయ్యి’ అన్నారు, అంటే గుంపుల సగటులన్నీ ఒకేసారి పోల్చే లెక్క. అంకెలన్నీ ఒకేసారి పెట్టేయొచ్చా?

జవాబు: పెట్టొద్దమ్మా. అంకెలు 480 గానీ ఎలుకలు 24 కదా.

ఇదే తప్పు నేనూ చేసినా. ఎమ్మెస్సీలో ఉండగా అనంతపురం పక్కన మా చేనిలో, బోరు కింద ఆరు మళ్లు కట్టి, మూటికి ఒక ఎరువు, మూటికి ఇంకో ఎరువు వేసినా. మడికి పది సెనక్కాయ చెట్లు పీకితే, మా అమ్మ చేటలో పోసుకుని బుడ్డలు లెక్కపెట్టింది. 60 చెట్లనూ 60 మళ్లయినట్టు లెక్క కట్టి సారుకిచ్చినా. కాగితం మీద ఎర్ర సిరాతో ఒక్కటే ప్రశ్న: ‘ఎరువు చెట్టుకేసినావా, మడికేసినావా?’

నీ మందు ఎలుకకిచ్చినావు, ఈతకు కాదు. ఒకే ఎలుక 20 ఈతలు ఒకదానికొకటి చుట్టాలు. అన్నీ కలిపేస్తే అనోవా పట్టికలో గుంపుల వరుసలో డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (విడివిడి సమాచారం ఎంతుందో చెప్పే అంకెలు) 2, 477 అని వస్తాయి. ఉండాల్సినవి 2, 21: గుంపులు 3 లోంచి ఒకటి తీస్తే 2, ఎలుకలు 24 లోంచి 3 తీస్తే 21. అసలు అనోవా పుట్టిందే మళ్లలో. 1919లో ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ కేంద్రంలో చేరిన గణాంక శాస్త్రవేత్త ఫిషర్, ఎరువుల ప్రయోగాల లెక్కలు తీస్తూ తయారుచేసిన పద్ధతి ఇది.

టి-టెస్టుల సంగతి: మూడు జతలకు మూడుసార్లు చేస్తే, తేడా లేనిచోట ఉందనే ప్రమాదం 5 శాతంతో ఆగదు, 12 దగ్గరికి పోతుంది.

ముందు రోజువారీ 4 ఈతలకు సగటు తియ్యి. ఎలుకకు 5 అంకెలు మిగులుతాయి. వాటితో రిపీటెడ్ మెజర్స్ అనోవా, అంటే ఒకే ఎలుకను పదేపదే కొలిచినప్పుడు వాడే అనోవా, చెయ్యి. వచ్చే పట్టికలో అందరూ ‘గుంపు’ వరుస చూసి సంబరపడతారు. నువ్వు ‘గుంపు × రోజు’ వరుస చూడు, అక్కడ 8, 84 ఉండాలి. ‘రోజు’ వరుసలో తేడా రావడం వింతేం కాదు, ఏ ఎలుకైనా రోజురోజుకూ ఎంతోకొంత నేర్చుకుంటుంది. ‘గుంపు’ వరుసలో వచ్చిన తేడా మొదటి రోజు నుంచీ ఉన్నదే కావచ్చు, ఒక గుంపు మెల్లగా ఈదుతుందేమో! అందుకే ఈత వేగం కూడా వేరుగా చూడాలి. ఏ గుంపు సెకండ్లు ఎంత తొందరగా తగ్గుతున్నాయో చెప్పేది ఆ కలయిక వరుసే. నేర్చుకోవడమంటే అదే కదా.

పక్కపక్క రోజుల అంకెలు దగ్గరి చుట్టాలు, ఒకటో రోజు, ఐదో రోజు దూరపు చుట్టాలు. మామూలు లెక్క ఈ చుట్టరికాలు ఒకే తీరుగా ఉన్నాయనుకుంటుంది. అట్లా ఉన్నాయో లేదో చూసే మాక్లీ పరీక్ష తేడా చూపిస్తే, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌ను తగ్గించే గ్రీన్‌హౌస్-గైసర్ సవరణ ఉన్న వరుస తీసుకో.

ఈతకు 60 సెకండ్ల గడువు పెట్టుకుని, అప్పటికీ తిన్నె దొరకని ఎలుకకు 60 రాసి ఉంటావు. అది 60 సెకండ్లని కాదు, ‘ఇంకా దొరకలేదు’ అని. మొదటి రోజు అవే ఎక్కువుంటే సగటును నమ్మకు, గ్రాఫు గీసి చూడు.

ఆరో రోజు తిన్నె తీసేసి, అది ఉన్న పావు భాగంలో ఎంతసేపు తిరిగిందో చూసి ఉంటే ఎలుకకు ఒకటే అంకె. దానికి గుంపులను మాత్రమే పోల్చే మామూలు వన్-వే అనోవా చాలు. తర్వాత, అన్నిటినీ ఒకే గుంపుతో పోల్చే డన్నెట్ పరీక్షతో మిగతా రెండు గుంపులనూ స్కోపోలమిన్ గుంపుతో పోల్చు.

ఒకటి మాత్రం నువ్వు రాయలేదు. గుంపుకో బోను పెట్టి ఎనిమిదింటినీ అందులోనే ఉంచినావా? అట్లయితే మళ్లీ జాబు రాయి. అప్పుడు నీ దగ్గరున్నవి 24 కూడా కాదు.