ఫిజియోథెరపీలో మనకేం చేయాలో కంప్యూటరే నిర్ణయిస్తుందా?

లేదు, నిర్ణయం ఫిజియోథెరపిస్టుదే, కంప్యూటర్ సలహా ఇవ్వడం వరకే. దానిలోని సలహా సాఫ్ట్‌వేర్‌లో ఉండేది ముందే ఎంతోమంది పేషెంట్ల మీద పరీక్షించి రాసిపెట్టిన నియమాలు, మన లక్షణాలు ఎక్కిస్తే వాటితో పోల్చి ఇది చూశారా, అది అడిగారా అని గుర్తుచేస్తుంది. నొక్కి చూసే చెయ్యి మాత్రం మనిషిదే కదా.

చీమకుర్తి గ్రానైట్ క్వారీలో ఒకాయన కాలు మడతపడి చీలమండ వాచిందనుకోండి. చీలమండ దెబ్బకు ఎక్స్‌రే కావాలో అక్కర్లేదో చెప్పే, 1992లో కెనడాలో వచ్చిన ఒట్టావా నియమాలు ఆ సాఫ్ట్‌వేర్‌లో ఉంటే, చీలమండ ఎముకల వెనక అంచున కింది 6 సెంటీమీటర్లలో గానీ కొసన గానీ నొక్కితే నొప్పి ఉందా, దెబ్బ తగిలిన వెంటనే, మళ్లీ ఇప్పుడు కూడా 4 అడుగులు వేయలేకపోతున్నాడా అని అడుగుతుంది. ఏ ఒక్కటి ఉన్నా ఎక్స్‌రే తీయించమంటుంది, ఏదీ లేకపోతే అక్కర్లేదంటుంది.

చాలామంది పొరపడేది ఇక్కడే. ఎక్స్‌రే అని స్క్రీన్ మీద రాగానే ఎముక విరిగిందని టెన్షన్ పడతారు. తీయించిన వాళ్లలో ఎక్కువమందికి విరగదు, విరిగినవాళ్లు తప్పిపోకూడదనే ఆ నియమాన్ని అలా పెట్టారు.