ఆర్‌సీ.కాన్ఫ్‌ను ముక్కలు చేసే ముందు

చిరంజీవికి,

ఫ్రీబీఎస్‌డీ ఆపరేటింగ్ సిస్టమ్‌లో, మెషిన్ లేచేటప్పుడు ఏ సర్వీసులు మొదలవ్వాలో చెప్పే ఆర్‌సీ.కాన్ఫ్ ఫైలును చిన్న చిన్న ఫైళ్లుగా విడగొట్టడం గురించి నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. చెయ్యి తిరిగిన భాషే. కానీ మొదటి పేజీ కొట్టేయి. పొందికగా ఉంటే మంచిదని ఎవరికీ చెప్పనక్కర్లేదు. పొడుగాటి ఫైలుతో విసిగినవాడే నీ వ్యాసం తెరుస్తాడు. చరిత్రకూ ఒక వాక్యం చాలు: సర్వీసుకో స్క్రిప్టు ఉండే ఆర్‌సీ.డీ పద్ధతి 2000లో దాని సోదర సిస్టమ్ నెట్‌బీఎస్‌డీ 1.5తో వచ్చింది, 2003లో ఫ్రీబీఎస్‌డీ 5.0 అందుకుంది.

ఒక్క వరుసతో మొదలుపెట్టు, దూరం నుంచి లాగిన్ అవ్వనిచ్చే ఎస్‌ఎస్‌హెచ్‌డీ సర్వీసును లేపేది. ఎస్‌ఎస్‌హెచ్‌డీ_ఎనేబుల్="యెస్". దాన్ని ఆర్‌సీ.కాన్ఫ్‌లోంచి తీసి, ఆర్‌సీ.కాన్ఫ్.డీ డైరెక్టరీలో ఎస్‌ఎస్‌హెచ్‌డీ అనే ఫైల్లో పెట్టించు. నువ్వేమో ఫైళ్లకు "వెబ్", "భద్రత" అని పేర్లు పెట్టమన్నావు. చూడ్డానికి ముచ్చటే, కానీ వాటిని చదివేవాళ్లు లేరు. ఎస్‌ఎస్‌హెచ్‌డీ స్క్రిప్టు తన పేరున్న ఫైలునే వెతుక్కుంటుంది, "భద్రత" వైపు తొంగి చూడదు. తప్పని చెప్పే సందేశం కూడా రాదు. మెషిన్ లేస్తుంది, సర్వీసు లేవదు. దూరాన ఉన్న మెషిన్ అయితే ఇక లోపలికి వెళ్లే దారే ఉండదు.

"తీసి" అన్నాను, గమనించావా? నువ్వు "కాపీ చేయండి" అని రాశావు. సిస్టమ్ చదివే వరుస ఇది: ముందు సిస్టమ్‌తోపాటే వచ్చే డిఫాల్ట్స్ డైరెక్టరీలోది, తర్వాత ఆర్‌సీ.కాన్ఫ్, ఆపైన ఆర్‌సీ.కాన్ఫ్.లోకల్, చివర్న సర్వీసు పేరున్న ఫైలు. చివర చదివిందే చెల్లుతుంది. రెండు చోట్లా ఉంచితే, ఆర్నెల్ల తర్వాత ఆర్‌సీ.కాన్ఫ్‌లో "నో" అని మార్చినవాడు సర్వీసు ఎందుకు ఆగట్లేదో తెలియక జుట్టు పీక్కుంటాడు. డిఫాల్ట్స్‌లోని ఫైలు ముట్టుకోవద్దన్నావు, బాగుంది. ఎందుకో కూడా చెప్పు: అప్‌గ్రేడ్‌తో అది మారిపోతుంది.

వరుసలు పైకీ కిందికీ జరిపితే సర్వీసులు లేచే క్రమం మారుతుందన్న పేరా తీసేయి. ఆ క్రమం ఆర్‌సీఆర్డర్ అనే ప్రోగ్రామ్ చూసుకుంటుంది, స్క్రిప్టుల తలమీదున్న ప్రొవైడ్, రిక్వైర్ వ్యాఖ్యల్ని బట్టి.

ఇక నా సొంత గోల ఒకటి. నా మొదటి వ్యాసంలో ఒక ఉదాహరణ చివర కొటేషన్ గుర్తు ఎగిరిపోయింది. ఆర్‌సీ.కాన్ఫ్ జాబితాలా కనబడుతుంది గానీ దాన్ని చదివేది కమాండ్లు నడిపే షెల్లే. ఒక పాఠకుడు ఉన్నదున్నట్టు టైపు చేసి రీబూట్ కొట్టాడు. మెషిన్ మరమ్మతుల కోసం ఉండే సింగిల్ యూజర్ ప్రాంప్ట్ దగ్గర ఆగిపోయింది. ఎడిటర్ తెరిచి గుర్తు పెట్టాడు, సేవ్ కాలేదు. రూట్ ఫైల్‌సిస్టమ్ రీడ్-ఓన్లీ, అంటే చదవడానికే తప్ప రాయడానికి లేదు. అది యూఎఫ్‌ఎస్ రకం ఫైల్‌సిస్టమ్ కాబట్టి "మౌంట్ -యూడబ్ల్యూ /" అంటే సరిపోయేది. ఆ ముక్క నా వ్యాసంలో లేదు. ఆయన రాసిన ఉత్తరం ఇప్పటికీ నా సొరుగులో ఉంది, అందులో ఒక్క తిట్టూ లేదు, అదే ఎక్కువ గుచ్చుకుంది.

అందుకని వెనక్కొచ్చే దారిని వ్యాసం అడుగున కాదు, మొదటి మార్పుకు ముందే పెట్టు. పాత ఫైలు కాపీ, రీబూట్‌కు ముందు ప్రతి ఫైలు మీదా, నడపకుండా రాతలో తప్పులు మాత్రం చూసే "ఎస్‌హెచ్ -ఎన్", అదీ కాకపోతే పై మౌంట్ ముక్క. చేత్తో దిద్దే బదులు, ఈ ఫైళ్లను మార్చిపెట్టే సిస్‌ఆర్‌సీ కమాండ్ వాడమను, కొటేషన్ల బాధ చాలావరకు పోతుంది.

దిద్ది పంపు. ఈసారి చదవను, కొత్త వర్చువల్ మెషిన్ పెట్టుకుని నువ్వు రాసింది రాసినట్టు టైపు చేసి రీబూట్ కొడతాను.

ఆశీస్సులతో,
మీ పెద్దాయన