గోధుమ బీరు తాగితే దద్దుర్లు.. ముందే సెట్రిజిన్ వేసుకుంటే సరిపోతుందా?

ప్రశ్న: నా వయసు 33. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మొన్న శనివారం సాయంత్రం షటిల్ ఆడాను. మోకాలు నొప్పిగా ఉంటే డైక్లోఫినాక్ మాత్ర వేసుకుని, అటు నుంచి అటే ఫ్రెండ్స్‌తో ఓ బ్రూపబ్‌కి వెళ్లాను. అక్కడే తయారుచేసిన బెల్జియన్ తరహా గోధుమ బీరు రుచి చూశాను. లేత పసుపు రంగులో మసకగా ఉంది, నారింజ తొక్క వాసన వచ్చింది. చాలా నచ్చి పెద్ద గ్లాసు తీసుకున్నాను. సగం తాగేసరికి అరచేతులు, పెదవులు దురద పెట్టాయి. మెడ మీద, పొట్ట మీద దద్దుర్లు లేచాయి. గొంతు బిగిసినట్టు, కళ్లు తిరిగినట్టు అనిపించింది. ఫ్రెండ్ దగ్గరున్న సెట్రిజిన్ వేసుకుంటే గంటన్నరలో తగ్గింది. ఆ బీరులో ధనియాలు, నారింజ తొక్క వేస్తారట. వాటి వల్లేనా? వడకట్టని బీరు కదా, పాడైపోయి ఉంటుందా? ఈసారి ముందే సెట్రిజిన్ వేసుకుని తాగితే ఫర్వాలేదా? చపాతీలు రోజూ తింటాను, ఏమీ కాదు. (పోయిన ఏడాది పూరీలు తిని క్రికెట్ ఆడినప్పుడు కూడా ఒంటి నిండా దద్దుర్లు వచ్చాయి. చెమట వల్ల అనుకున్నాను.)
- ఓ పాఠకుడు, కొండాపూర్

డాక్టర్ సలహా: ముందు మీ చివరి ప్రశ్నకు జవాబు చెబుతాను. వద్దు. సెట్రిజిన్ వేసుకుని తాగుదామన్న ఆలోచన పూర్తిగా మానుకోండి.

మీరు బీరు గురించి రాశారు గానీ, మీరు బ్రాకెట్లో పెట్టి వదిలేసిన పూరీల సంగతి దగ్గరే నేను ఆగిపోయాను. అప్పుడు పూరీలు తిని క్రికెట్ ఆడారు. ఇప్పుడు షటిల్ ఆడి, నొప్పి మాత్ర వేసుకుని, గోధుమ బీరు తాగారు. రెండుసార్లూ కడుపులోకి వెళ్లింది గోధుమే. పోయిన ఏడాది దద్దుర్లతో పోయింది. ఈసారి గొంతు బిగిసింది, కళ్లు కూడా తిరిగాయి. ఒక్క చర్మం మీదే కనిపిస్తే మామూలు అలర్జీ అనుకోవచ్చు. దానికి గొంతో, ఊపిరో, బీపీ పడిపోవడమో తోడైతే అనాఫిలాక్సిస్ అనే అనుకోవాలి. అంటే ప్రాణం మీదకు వచ్చే అలర్జీ. మిమ్మల్ని చూడకుండా ఇదే జబ్బని నేను తేల్చలేను. కానీ ఈ వివరాలతో ఎవరైనా నా ఓపీకి వస్తే, గోధుమకు శ్రమ తోడైతే వచ్చే అలర్జీని ముందు అనుమానిస్తాను.

'చపాతీలు రోజూ తింటాను, ఏమీ కాదు' అని మీరు రాసింది ఈ అనుమానాన్ని తీసేయదు. ఈ అలర్జీ ఉన్నవాళ్లు చాలామంది అదే మాట చెబుతారు. గోధుమలో ఒమేగా-5 గ్లయడిన్ అనే ప్రొటీన్ ఉంటుంది. తిని కూర్చుంటే వీళ్లకు అది ఏమీ చేయకపోవచ్చు. తిన్నాక పరుగో ఆటో తోడైతే, ఆల్కహాల్ తోడైతే, ఆస్పిరిన్, డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్ర తోడైతే ఒళ్లు ఎదురుతిరుగుతుంది. వీటివల్ల పేగుల నుంచి ఆ ప్రొటీన్ రక్తంలోకి ఎక్కువగా వెళ్తుందని భావిస్తున్నారు. ఆడింది ముందు, తాగింది తర్వాత కదా అంటారేమో. అయినా ఆ సాయంత్రం మీ ఒంట్లో మాత్ర ఉంది, ఆల్కహాల్ ఉంది, గోధుమ ఉంది. ఆ మూడూ చాలు.

ఇక ఆ బీరు సంగతి. బెల్జియంలోని హూగార్డెన్ ఊళ్లో ఈ రకం కనుమరుగైపోతే, 1960లలో పియర్ సెలిస్ అనే ఆయన మళ్లీ కాచి నిలబెట్టారు. అంతకుముందు ఆయన పాలు అమ్మేవారు. ఈ పద్ధతిలో సగానికి దగ్గరగా మొలకెత్తించని గోధుమ, మిగతాది బార్లీ మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) వాడతారు. మీకు నచ్చిన ఆ మసక పాడైనందువల్ల వచ్చింది కాదు. గోధుమ ప్రొటీన్, ఈస్ట్ తేలుతుండటం వల్ల అలా కనిపిస్తుంది. మామూలు లాగర్ బీరును వడకట్టి తేటగా చేస్తారు, దీన్ని చేయరు. అంటే మీరు దేన్నైతే అనుమానించాలో అదే గ్లాసు నిండా ఉంది. ధనియాల వల్లా అలర్జీ రావొచ్చు, కాదనను. కానీ సాంబారులో, రసంలో, కూరపొడిలో చిన్నప్పటి నుంచీ తింటూనే ఉన్నారు కదా. నా అనుమానం వాటి మీద తక్కువే. బార్లీ ప్రొటీన్ వల్ల బీరు పడనివాళ్లూ ఉన్నారు కాబట్టి, 'అయితే మామూలు బీరు తాగి చూస్తాను' అని ఇంట్లో ప్రయోగాలు పెట్టుకోకండి.

నాకు అసలు బాధ మాత్రల దగ్గరే. మోకాలు నొప్పికి డాక్టర్‌ని అడగకుండా డైక్లోఫినాక్, దద్దుర్లకు ఫ్రెండ్ జేబులోంచి సెట్రిజిన్. రెండూ చాక్లెట్లలా చేతులు మారుతున్నాయి. సెట్రిజిన్ పనిచేయడం మొదలయ్యేసరికే సుమారు గంట పడుతుంది. అది దురద తగ్గిస్తుంది, దద్దుర్లు తగ్గిస్తుంది. మూసుకుపోతున్న గొంతును తెరవలేదు, పడిపోతున్న బీపీని నిలబెట్టలేదు. ఆ పని చేసేది తొడ కండరంలోకి ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్ ఒక్కటే. ఆ రోజు మీకు తగ్గిందంటే, మాత్ర వల్ల కాకుండా దానంతట అదే తగ్గి ఉండొచ్చు. పైగా ముందే వేసుకుని తాగితే, ఒళ్లు మొదట ఇచ్చే హెచ్చరిక, అంటే ఆ అరచేతుల దురద, మీకు తెలియకుండా పోతుంది. నేరుగా గొంతు బిగిసినప్పుడే తెలుస్తుంది. సెట్రిజిన్ మద్యంతో కలిస్తే మత్తు కూడా ఎక్కువవుతుంది. ఆ స్థితిలో బండి తీయడం ఇంకో ప్రమాదం.

కొన్నేళ్ల కిందట నలభై దాటిన ఒకాయన్ని మా ఎమర్జెన్సీకి స్ట్రెచర్ మీద తెచ్చారు. షుగర్ వస్తుందేమోనన్న భయంతో రాత్రిపూట అన్నం మానేసి చపాతీలకు మారారు. ఆ రోజు రెండు చపాతీలు తిని, నడుం నొప్పికి మాత్ర వేసుకుని వాకింగ్‌కి వెళ్లారు. దారిలో దద్దుర్లు లేస్తే ఇంటికొచ్చి సెట్రిజిన్ వేసుకుని పడుకున్నారు. అరగంటకు బాత్రూమ్‌కని లేచి గుమ్మం దగ్గరే పడిపోయారు. నేను చూసేసరికి పెదవులు ఉబ్బిపోయి ఉన్నాయి, పై బీపీ 70. అడ్రినలిన్ ఇచ్చాక కోలుకున్నారు. ఆయన భార్య చేతిలో ఆ సెట్రిజిన్ స్ట్రిప్ ఇంకా అలాగే ఉంది. 'మాత్ర వేశాం కదా సార్, తగ్గుతుందనుకున్నాం' అన్నారావిడ. అంతకుముందు ఆయనకు అలాంటి దద్దుర్లు మూడుసార్లు వచ్చాయని ఆ తర్వాత తెలిసింది. మూడుసార్లూ చెమట అనే అనుకున్నారు.

ఈ వారంలోనే అలర్జీ చూసే డాక్టర్‌ని గానీ, జనరల్ ఫిజీషియన్‌ని గానీ కలవండి. గోధుమకు, ఒమేగా-5 గ్లయడిన్‌కు స్పెసిఫిక్ ఐజీఈ (అలర్జీ తెచ్చే యాంటీబాడీ) రక్తపరీక్ష రాస్తారు. అవసరమైతే చర్మాన్ని సూదితో కొద్దిగా గీకి చూసే స్కిన్ ప్రిక్ పరీక్ష చేస్తారు. దానికి ముందు దాదాపు వారం పాటు సెట్రిజిన్ లాంటివి ఆపాలి, ఎప్పుడు ఆపాలో వాళ్లనే అడగండి. ప్యాకేజీల్లో అమ్మే ఐజీజీ (ఇంకో రకం యాంటీబాడీ) ఫుడ్ ప్యానెల్‌కు మాత్రం డబ్బు తగలేయకండి. దానితో అలర్జీ తేలదు. ఇది గోధుమ వల్ల పేగులు దెబ్బతినే సీలియాక్ జబ్బు కాదు, దాని పరీక్షలు వేరు. గోధుమ పూర్తిగా మానాలా వద్దా అన్నది రిపోర్టులు చూశాక మీ డాక్టర్ చెబుతారు.

అప్పటిదాకా ఆటకు, జిమ్‌కు ముందు కనీసం 4 నుంచి 6 గంటలు గోధుమ ముట్టకండి. రవ్వ ఉప్మా, బ్రెడ్, బిస్కెట్, సేమియా అన్నీ అందులోకే వస్తాయి. తిన్నాక అన్నేసి గంటలు ఆట కూడా వద్దు. ఒంటరిగా పరుగుకి వెళ్లకండి. డైక్లోఫినాక్ ఆపేయండి. మోకాలు ఎందుకు నొప్పి పెడుతోందో ఎముకల డాక్టర్‌కి చూపించి, ఈ అలర్జీ విషయం చెప్పి, వేరే మందు రాయించుకోండి. మద్యం కూడా వద్దు. అరలీటరు 5 శాతం బీరులో సుమారు 20 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. సురక్షితమైన మోతాదు అంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లోనే చెప్పింది. మీ విషయంలో ఇంకో కారణం కూడా తోడైంది.

మళ్లీ అలా దురదతో పాటు గొంతు బిగిస్తే ఆలోచిస్తూ కూర్చోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయించండి. వెల్లకిలా పడుకుని కాళ్లు ఎత్తి పెట్టుకోండి. ఆయాసంగా ఉంటే కూర్చోండి. లేచి నడవకండి, మెట్లు దిగకండి. ఆస్పత్రిలో తగ్గాక కూడా కొన్ని గంటలు ఉండమంటే ఉండండి. తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబెట్టే కేసులు చూస్తుంటాం.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ రోజు వేసుకున్న మాత్ర స్ట్రిప్, దద్దుర్ల ఫొటో ఉంటే అదీ తీసుకెళ్లండి. పూరీల సంగతి మాత్రం మొట్టమొదట చెప్పండి.